కుసుమ సాలులో సందు

నా చేతికి మొట్టమొదట కెమెరా వచ్చింది తాండూరులో. నిజాం నాటి హాలీ సిక్కా రూపాయి చెలామణి ఇంకా పూర్తిగా పోని రోజులవి. నేను అప్పుడే ఒక బండల సేటు దగ్గర గుమాస్తాగా చేరాను. గనుల నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చిన నాపబండలను స్టేషన్‌లో వ్యాగన్లకు ఎక్కించేదాకా చూసుకోవడం నా పని. స్టేషన్ బజారులో ఒక ఫోటో స్టూడియో ఉండేది. దాని యజమాని గుల్బర్గా వైపు మనిషి, తెలుగులో కన్నడం కలిపి మాట్లాడేవాడు. ఆయన కొట్లో ఒక పాత డబ్బా కెమెరా మూలన పడి ఉండేది. నల్లటి పెట్టె, దానికి ముందు ఒక కన్ను, పైన అగ్గిపెట్టంత అద్దం. నేను రోజూ వెళ్ళి దాన్ని తడిమి చూస్తుంటే ఆయనకు విసుగొచ్చి, తీసుకుపొమ్మన్నాడు, రీలు మాత్రం నువ్వే కొనుక్కో మారాయా అన్నాడు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది నా పని.

సరదాగా మొదలైన ఆ ఆట నెల తిరక్కుండా సరదా కాకుండా పోయింది. ఆ వానాకాలంలోనే మా అక్కను వికారాబాదు దగ్గర అనంతగిరి గుట్ట మీది దవాఖానలో చేర్చాం. క్షయ. ఆ మాట ఇంట్లో ఎవరూ నోటితో అనేవారు కాదు, దగ్గు అనేవారు. అక్క భర్త మాకు స్వయానా మేనమామ, అమ్మకు చివరి తమ్ముడు. అంటే మా అమ్మమ్మే అక్కకు అత్త. యాలాల్ వైపు పల్లెలో మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. అక్క పెళ్ళి చేసుకుని ఆ గోడ దాటింది, అంతే. ఇంటి నుంచి అంతకంటే దూరం ఆమె ఎన్నడూ పోలేదు. అలాంటి మనిషిని గుట్ట మీద, చెట్ల మధ్య, తెలియని ఆడవాళ్ళ పక్కన మంచం వేసి పడుకోమన్నారు. లేవకూడదు, నడవకూడదు, వేళకు సూది వేయించుకోవాలి, వేళకు పాలూ గుడ్డూ తినాలి. ఎన్నాళ్ళో డాక్టరు చెప్పలేదు. ఒక్కటి మాత్రం ఖచ్చితంగా చెప్పాడు. మందు సగంలో వదిలి ఇంటికి పోతే జబ్బు మళ్ళీ తిరగబెడుతుందనీ, అప్పుడు మందుకు లొంగకపోవచ్చనీ అన్నాడు.

అక్క మొదటి నెలలోనే మూట కట్టింది. పక్క మంచం ఆమె ఒకరోజు తెల్లవారుజామున గుట్ట దిగి పారిపోయిందట, తనూ అలాగే పోతానంది. అమ్మ ఏడ్చింది. మామ తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. ఆయనకు కష్టమొచ్చినా సంతోషమొచ్చినా చేసేది అదొక్కటే. అక్కకు ఇంటి మీద బెంగ, చేను మీద అంతకన్నా బెంగ. అప్పుడు నేను గొప్పగా ఒక మాట ఇచ్చాను. నువ్వు ఇక్కడే ఉండు, ఊరిని నేనే ఫోటోలో పెట్టి తెస్తాను అన్నాను. అక్క నన్ను ఎగాదిగా చూసి, సరే తే, నచ్చినన్ని రోజులు ఉంటానంది.

అలా నా మీద పడింది ఆ భారం. కెమెరా పట్టుకోవడం కూడా సరిగా రానివాడికి అంత పని ఎవరైనా అప్పజెబుతారా? నేనే నెత్తిన వేసుకున్నాను.

స్టూడియో ఆయన నాకు చెప్పిన పాఠం మూడు ముక్కలు. సూర్యుడు నీ వీపు వెనక ఉండాలి. మీట నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. మనిషిని నట్టనడుమ నిలబెట్టాలి. నాకు మనుషులు కాదు, ఊరు కావాలన్నాను. మనుషులు లేని ఫోటో ఎవరికి కావాలి అని ఆయన జాలిగా చూశాడు. ఆ రోజుల్లో అందరి అభిప్రాయమూ అదే. రీలుకు ఎనిమిది ఫోటోలు. అందులో ఒకటి చెట్టు మీదా పుట్ట మీదా ఖర్చు పెడితే మతి పోయినవాడి కిందే లెక్క.

నేను ఊరి బయట పెద్ద రాతి గుండు ఎక్కాను. అక్కడి నుంచి చూస్తే చేన్లు, కాగ్నా వాగు, దూరంగా గుట్టల వరస, పైన మబ్బులు, అన్నీ కనబడ్డాయి. అంత అందం ఒక్కచోట ఉంటే ఎవరైనా ఏం చేస్తారు? అన్నింటినీ ఒకే ఫోటోలో కుక్కాను. కడిగించి చూస్తే ముప్పావు వంతు ఆకాశం. గుట్టలు చీమల పుట్టలంత ఉన్నాయి, చేన్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. దూరపు కొండలు నునుపంటారు గానీ, నా ఫోటోలో నునుపు కూడా కనబడలేదు.

ఆదివారం రైలెక్కి వికారాబాదులో దిగి, గుట్ట నడిచి ఎక్కాను. అక్క వరండాలో మంచం మీద పడుకుని ఫోటోలను ఒక్కొక్కటిగా కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. వాగు ఫోటోలో నేల ఒక పక్కకు ఒరిగి ఉంది. నీళ్ళన్నీ ఒలికిపోతాయి, కింద గిన్నె పెట్టమని నవ్వింది. ఇంకోదానిలో మా ఎద్దు నెత్తి మీంచి తంతి స్తంభం మొలిచింది. అది చూసి నవ్వలేక దగ్గింది. నర్సు వచ్చి నన్ను కోప్పడింది. అన్నీ చూశాక అక్క ఒక ప్రశ్న అడిగింది.

"అంత మంచిగనే ఉంది తమ్మీ. గని నేనేడికెల్లి లోపలికి పోవాలె?"

నాకు అర్థం కాలేదు. ఫోటోలోకి పోవడమేమిటి? అక్క విసుక్కుంది. చూస్తుంటే అక్కడ నడిచినట్టుండాలి గానీ, గుండెక్కి కూర్చుని ఎవరిదో ఊరును చూసినట్టుంటే తనకెందుకంది. గుండ్ల మీద కోతులుంటాయి, తను ఎన్నడూ ఎక్కలేదంది. నాకు రోషం వచ్చింది. దిగేటప్పుడు దారి పొడుగునా గొణుక్కున్నాను. కష్టపడి తెచ్చినదానికి ఇదా మర్యాద అనుకున్నాను.

కానీ రోషం మంచి గురువు. తరువాతి రీలులో గుండు దిగాను. పెట్టెను పొట్టకు ఆనించి, పై అద్దంలోకి వంగి చూస్తే కుడి ఎడమలు తారుమారుగా కనబడేవి. ఎద్దు ఇటు నడిస్తే అద్దంలో అటు నడిచేది. దాన్ని అందుకోబోయి నేను రెండోవైపు తిరిగేవాణ్ణి. అలా తిరిగి తిరిగి కొంత అలవాటైంది. నేల వాలకుండా ఉండాలని అద్దం అంచు మీద సున్నంతో గీత గీసుకున్నాను. ఆకాశాన్ని తగ్గించాను. అన్నీ ఒకేసారి చూపాలన్న ఆశను కొంచెం కొంచెంగా చంపుకున్నాను. ఒక బావి, ఒక మోట, ఒక్క చింతచెట్టు. ప్రతి ఆదివారం అక్క తప్పులు పట్టేది. ఇది దగ్గరగా ఉంది, అది ఖాళీగా ఉంది, ఈ కొమ్మ అడ్డం వచ్చింది తీసేయి అనేది. తీసేయడానికి అది ఇంట్లో పీట కాదు గదా అంటే, నువ్వు జరుగు మరి అనేది. ఆ ఒక్క మాట తరువాత నేను చదివిన ఫోటోగ్రఫీ పుస్తకాలన్నింటికన్నా ఎక్కువ పనికొచ్చింది. చలికాలం వచ్చేసరికి అక్క బుగ్గలు కొద్దిగా నిండాయి. మూట ఊసు ఎత్తడం మానేసింది. నేను లోలోపల పొంగిపోయాను.

అంతలో రెండు సంగతులు జరిగాయి. కొత్తగా వచ్చిన పక్క మంచం ఆమెకు పెనిమిటి రెండో పెళ్ళి చేసుకున్నాడన్న కబురొచ్చింది. జబ్బు మనిషి ఇక రాదనుకున్నారట. ఆమె అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. రెండోది, మామ రావడం ఆగింది. జొన్న కంకి పాలు పట్టింది, పిట్టలు తోలకపోతే గింజ మిగలదు. మునుపు ఆ పని అక్కది. ఇప్పుడు పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా మామే వడిసెల పట్టుకుని మంచె మీద ఉండేవాడు. ఆ మాట నేను అక్కకు చెప్పాను. ఊకొట్టింది గానీ కళ్ళు వేరే మాట అడిగాయి.

ఊళ్ళో కొందరు మామకు సంబంధాలు తెచ్చిన మాట నిజమే. మర్పల్లి నుంచి ఒకటి, పూడూరు నుంచి ఒకటి. అమ్మమ్మ వాళ్ళకు మజ్జిగ పోసి పంపించింది. మామను నేను నేరుగా అడిగాను. ఆయన తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. ఆయన దేనికీ ఏమీ అనడు. ఒకసారి ఎద్దు కాలు తొక్కినా ఏమీ అనలేదు. ఆయన మౌనంలో ఏముందో నాకు తెలియలేదు, తెలియనందుకు భయం వేసింది.

మాఘమాసంలో ఇంటి ముంగిలి ఫోటో తీద్దామనుకున్నాను. వీధి మలుపు, మా రెండిళ్ళ ముందరి గోడలు, వెనక చేన్లు. ఆ మాట ముందు రోజే అమ్మమ్మతో అనడం బుద్ధితక్కువ పని. పొద్దున్నే వెళ్ళేసరికి ఇల్లు గుర్తుపట్టలేకపోయాను. గోడలకు తెల్లగా సున్నం, కింద జాజు పట్టె, వాకిట్లో ఇంత పెద్ద ముగ్గు, గడపకు మామిడాకులు, ఎడ్ల కొమ్ములకు నూనె, అరుగు మీద తోమిన రాగి బిందెల వరస. ఇదేమిటని అడిగితే, ఫోటో దవాఖానకు పోతుంది, పదిమంది చూస్తారు, మాసిన గోడలు చూపి పరువు తీసుకుంటామా అంది అమ్మమ్మ. మా వైపు అంతే. ఫోటో అంటే చుట్టం ఇంటికొచ్చినట్టు. దాని ముందు మాసిన బట్ట, మాసిన గోడ ఉండకూడదు. మురిసిపోతూ తీశాను. తెల్ల గోడ వల్ల ఫోటో కూడా బ్రహ్మాండంగా వచ్చింది. అప్పటిదాకా నేను తీసినవాటిలో అదే మంచి ఫోటో.

అక్క దాన్ని చేతిలోకి తీసుకుంది. నేను మెప్పు కోసం చూస్తున్నాను. ఆమె ముఖంలో రక్తం దిగిపోయింది. ఫోటోను దుప్పటి మీద బోర్లా పెట్టి, మెల్లగా అడిగింది.

"లగ్గం ఎప్పుడురా?"

నాకు తల తిరిగిపోయింది. మాఘమాసం ముహూర్తాల నెల. పండుగ లేదు పబ్బం లేదు, సున్నమూ జాజూ మామిడాకులూ ఎందుకు పడతాయి? పెళ్ళికే. అక్క లెక్కలో తప్పేమీ లేదు. అమ్మమ్మ ఫోటో కోసం చేయించిందని ఒట్టేసి చెప్పాను. అక్క వినలేదు. ఫోటోకు అబద్ధం చెప్పే నోరు లేదు, నాకుంది అంది. నర్సు సూది తెస్తే చెయ్యి దుప్పటి కింద దాచుకుంది. పక్క మంచం ఆమె మా వైపు చూసి మళ్ళీ గోడవైపు తిరిగింది. అక్క మంచం కింద మూట మళ్ళీ బయటికొచ్చింది. వచ్చే ఆదివారందాకా ఆగమని నేను చేతులు పట్టుకుని బతిమాలాను. చాలాసేపటికి ఒప్పుకుంది, ఒక షరతు మీద.

"ఇల్లు నాకు చూపకు. చేను చూపియ్. నేను సద్ది పట్కొని పొయ్యే తొవ్వల నిలబడి చూపియ్. గుండెక్కకు, కూసో."

అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. ఇది కూడా ఫోటో పాఠమే కాబోలు అనుకున్నాను. అంత కోపంలోనూ పాఠమా అని ఆశ్చర్యపోయాను కూడా.

మా చేనుకు బండి బాట ఒకటి ఉంది, అందరూ దాని మీదే వచ్చేవారు. అక్క మాత్రం పాడుపడ్డ బండల గని పక్కనుంచి అడ్డదారిన వచ్చేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అమ్మమ్మ ఎద్దేవా చేసేది. ఆ దారికి వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది, ఎండ నా వీపు మీద ఉంది. ఎదురుగా జొన్నచేను. చేను చుట్టూ మా వైపు ఆనవాయితీ ప్రకారం కుసుమ సాళ్ళు. కుసుమ ముళ్ళ మొక్క, పశువులు మూతి పెట్టవు. పైరుకు అదే కంచె. పసుపు, నారింజ పూలతో నిండుగా ఉంది.

మామ మంచె దిగి వచ్చాడు. అక్క చెప్పిన మాట చెప్పాను, పెళ్ళి అనుమానం సంగతి కూడా దాచలేదు. ఆయన చెయ్యి తలగుడ్డ దాకా వెళ్ళి ఆగింది. నా భుజం పట్టుకుని నాలుగడుగులు పక్కకు జరిపాడు.

"ఆడ గాదు. గీడ కూసో" అన్నాడు.

కూర్చున్నాను. పెట్టెను మోకాళ్ళ మీద పెట్టుకున్నాను. అద్దంలో మొదటిసారి నేల నా దగ్గరికి వచ్చింది. కాళ్ళ ముందు దారి, దాని మీద గులకరాళ్ళు, ఆ పైన కుసుమ పూలు, వాటి వెనక జొన్న కంకులు, చివరన మంచె. ఆకాశం వేలెడంతే ఉంది. కన్ను దారి పట్టుకుని దానంతటదే లోపలికి పోయింది. ఇన్నాళ్ళూ అక్క అడిగింది ఇదేనని నాకు తోచింది. మామను వెళ్ళి పూల దగ్గర నిలబడమన్నాను. నాకెందుకు ఫోటో అని నా వెనక్కి పోయి నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టి మీట నొక్కాను.

స్టూడియోలో కడిగించి చూసి నాలుక కరుచుకున్నాను. ఫోటో అడుగున నేల మీద రెండు నీడలు పడ్డాయి. ఒకటి పెట్టె మీదికి వంగిన నాది. దాని పక్కన, పొడుగ్గా, తలగుడ్డతో ఇంకొకటి. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకోమన్నారు గానీ, నీడ ఎటు పోతుందో చూసుకోమని ఎవరూ చెప్పలేదు. స్టూడియో ఆయన అడుగు భాగం కత్తిరించి ఇస్తానన్నాడు. రైలు టైమైపోతోందని అలాగే పట్టుకుపోయాను.

అక్క లేచి కూర్చుని ఉంది. ఫోటోను వెలుతురుకు పెట్టి, నేను చూడని చోట చూసింది. దారి వెళ్ళి తగిలే చోట కుసుమ సాలు తెగి ఉంది. అక్కడ ఒక సందు. నెత్తిన గంప పెట్టుకున్న ఒక ఆడమనిషి ముళ్ళు తగలకుండా పోగలిగినంత వెడల్పు. నేను దాని ముందరే కూర్చుని ఫోటో తీశాను గానీ, దాన్ని సందు అనుకోలేదు.

అప్పుడు అక్క చెప్పింది. ఏటా విత్తేటప్పుడు ఆ కాస్త జాగాలో గింజ వేయకుండా చెయ్యి బిగించేదట, తన అడ్డదారి కోసం. మేకలు దూరుతాయని మామ ఏటా సణిగేవాడట. అక్క దవాఖానలో చేరింది వానల్లో. కుసుమ వేసింది ఆ తరువాత, మామ కూలి మనిషిని పెట్టి, దగ్గరుండి.

"కోసి చేసిన సందు గాదిది. మోళ్ళు లేవు సూడు" అంది అక్క, వేలితో ఆ చోటు రాస్తూ. "ఇత్తినప్పుడే ఇడిసిండు."

ఇంకొకర్ని తెచ్చుకునేవాడు ఆ సందు వదలడు. ఆ అడ్డదారి ఇంకెవరికీ అవసరం లేదు. అక్క కళ్ళు తుడుచుకోలేదు, వాటిని కారనిచ్చింది. నాకూ ఏడుపొచ్చింది. దాన్ని దాచుకోవడానికి ఏదో ఒకటి అనాలని, అడుగున నీడలు పడి ఫోటో పాడైంది, కత్తిరించి తెస్తాను అన్నాను. అక్క అప్పుడు చూసింది వాటిని. పొడుగు నీడ తలగుడ్డ మీద ఆమె వేలు ఆగింది.

"కొయ్యకు" అంది.

నర్సు వచ్చినప్పుడు చెయ్యి తనే చాపింది.

ఆ తరువాత ఒక వానాకాలం, ఒక చలికాలం పట్టింది. మళ్ళీ కుసుమ పూసిన నెలలో డాక్టరు ఇంటికి పంపించాడు. తాండూరు నుంచి బండి మీద తెచ్చాం. చేను మీదుగా ఊళ్ళోకి పోయే బండి బాట మొదట్లో అమ్మా అమ్మమ్మా హారతి పళ్ళెంతో నిలబడి ఉంటే, అక్క గని దగ్గరే బండి ఆపించి దిగింది. నేను పెట్టె పట్టుకుని వెనకాలే ఉరికాను. మామ కూడా వచ్చాడు, ఎప్పటిలాగే నా వెనక నిలబడ్డాడు. ఇప్పుడు నాకు అన్నీ తెలుసు. కూర్చున్నాను, నేలను సరిచూసుకున్నాను, ఆకాశాన్ని వేలెడంతకు తగ్గించాను, నీడలు పడని చోటుకు జరిగాను కూడా. అద్దంలో అక్క మెల్లగా నడుస్తూ పోయి సందు దగ్గర ఆగింది. వెనక్కి తిరగకుండానే అంది.

"తమ్మీ, మొన్నటిసారి నీడొక్కటే అచ్చింది. ఈసారి మనిషిని రమ్మను."

మామ తలగుడ్డ తీశాడు. చుట్టుకోలేదు. దాన్ని చేతిలో పట్టుకునే నన్ను దాటి ముందుకు నడిచాడు.

ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. తరువాత చాలా ఏళ్ళు చాలా చోట్ల ఫోటోలు తీశాను, కొన్నింటిని మంచివన్నారు కూడా. ఇందులో మాత్రం నేల ఒక పక్కకు ఒరిగిపోయింది. ఊపిరి బిగబట్టడం మరిచిపోయాను.